అవ్వ మతి పోయినప్పుడు ఆత్మ ఎక్కడుంది?

ప్రొద్దుటూరు నుంచి ఒక యువకుడు అడిగిన ప్రశ్న ఇది. వాళ్ళ అవ్వకు చివరి సంవత్సరాల్లో మతిమరుపు జబ్బు వచ్చింది. మనవణ్ణి గుర్తుపట్టలేదు, సొంత ఇంటిని గుర్తుపట్టలేదు, జీవితంలో ఎన్నడూ నోట రాని తిట్లు తిట్టింది. విష్ణుసహస్రనామం మాత్రం చివరిదాకా తప్పు లేకుండా చెప్పింది. పోయే ముందురోజు ఒక్కసారి మనవణ్ణి పేరు పెట్టి పిలిచింది. పౌరోహిత్యం చేసిన తాత ‘ఆత్మకు జబ్బు లేదు, వేదం అపౌరుషేయం, అంటే ఎవరూ రచించింది కాదు, దాన్ని ప్రశ్నించకూడదు’ అంటారు. స్నేహితుడు ‘అంతా మెదడులోని రసాయనాలే’ అంటాడు. ఫోనులో చూసిన వీడియో ‘క్వాంటం శాస్త్రం వేదాంతాన్ని రుజువు చేసేసింది’ అంటుంది. వచ్చే నెల అవ్వ సంవత్సరీకం. నమ్మకం పోయాక ఆ కార్యంలో కూర్చోవచ్చా, కూర్చుంటే మోసం కాదా అని అడిగాడు.

నాయనా, నేను కర్నూలులో మత్తు డాక్టరుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. మనిషి స్పృహను తీసివేయడం, దాన్ని క్షేమంగా తిరిగి తీసుకురావడం నా వృత్తి. ఉపనిషత్తులను ఒక పండితుడి దగ్గర భాష్యంతో సహా చదువుకున్నాను. ఈ రెండు చదువులూ చివరకు ఒకే ప్రశ్న దగ్గరికి చేరాయి, అది నువ్వు అడిగిన ప్రశ్నే. తాతను వాదంలో ఎలా గెలవాలో చెప్పేవాళ్ళు చాలామంది దొరుకుతారు, తాత మాటకు తల ఊపమనేవాళ్ళూ దొరుకుతారు. నీకు కావలసింది అవ్వకు ఏం జరిగిందన్నది. అక్కడి నుంచే మొదలుపెడతాను.

మతిమరుపు జబ్బుల్లో ఎక్కువగా కనిపించేది అల్జీమర్స్. జర్మన్ వైద్యుడు అలోయిస్ అల్జీమర్ 1906లో దీన్ని వైద్యుల సభ ముందు వివరించాడు. ఇందులో సాధారణంగా మొదట దెబ్బతినేది హిప్పోక్యాంపస్. కొత్త జ్ఞాపకాలను ఏర్పరచేది ఆ భాగమే. అందుకే నిన్నటి సంగతులు ముందు పోతాయి, పుట్టింటి సంగతులు చాలాకాలం నిలుస్తాయి. అవ్వ జీవితంలోకి నువ్వు ఆలస్యంగా వచ్చినవాడివి. నీ ముఖం ముందుగా చెరిగిపోయిందంటే కారణం అది, ప్రేమ తక్కువై కాదు. తిట్ల సంగతీ అంతే. నోటిని అదుపులో ఉంచేది నుదుటి వెనకున్న మెదడు భాగం. అది పాడైతే ఎంత నెమ్మదస్తుల నోటైనా అదుపు తప్పుతుంది. ‘మనసులో ఉన్నదే జబ్బు బయటపెట్టింది’ అనే బంధువులు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. ఆ మాట తప్పు, క్రూరం కూడా. దాన్ని నీ మనసులో ఉంచుకోవద్దు.

సహస్రనామం చివరిదాకా ఎందుకు మిగిలిందంటే, దశాబ్దాల పాటు రోజూ పలికి నోటికి వచ్చినదాన్ని మెదడు వేరే దారుల్లో నిలుపుకుంటుంది. సంఘటనల జ్ఞాపకం పోయినా ఆ దారులు చాలాకాలం చెడవు. నమాజు చదివే ముసలాయనలో, చర్చి పాటలు పాడే వృద్ధురాలిలో, ఏ దేవుణ్ణీ తలవకుండా పాత సినిమా పాటలు పాడుకునేవాళ్ళలో కూడా ఇదే జరుగుతుంది. కాబట్టి ఇది ఒక మతం గొప్పతనానికి రుజువు కాదు. అయితే అవ్వ భక్తికి మాత్రం నిక్కమైన సాక్ష్యమే. అన్నేళ్ళు శ్రద్ధగా చెప్పింది కాబట్టే మిగిలింది. ఆ మేరకు తాత మాటలో నిజముంది, ఆయనకు ఆ సంగతి చెప్పు.

ఇక ‘ఆత్మకు జబ్బు లేదు’ అన్న మాట. ఇది నువ్వు అనుకున్నంత తేలిక మాట కాదు. తాత సంప్రదాయంలో జ్ఞాపకం ఆత్మది కానే కాదు. మనసు, బుద్ధి, చిత్తం, అహంకారం కలిసి అంతఃకరణం. అది సూక్ష్మమైనదే అయినా జడం, అంటే తనంతట తనకు ఎరుక లేనిది. సాంఖ్య దర్శనంవాళ్ళు బుద్ధిని కూడా ప్రకృతిలోనే చేర్చారు. ఆత్మ కేవలం సాక్షి. అంటే అవ్వ జ్ఞాపకాలు మెదడుతో పాటు చెడిపోయాయని వైద్యుడు చెబితే, ఆత్మే బ్రహ్మమనే అద్వైతి కంగారు పడనక్కర్లేదు. జడమైనది జడమైనదానితో చెడింది, అంతే అంటాడు.

వాదంగా ఇది గట్టిదే, ఒప్పుకోవాలి. కానీ ఆ వాదంలో నిలబడిన సాక్షికి పేరు లేదు, ముఖం లేదు, మనవడు లేడు, ప్రొద్దుటూరు లేదు. ‘అవ్వ పైనుంచి నిన్ను చూస్తోంది’ అని ఇంట్లో చెప్పే ఓదార్పు ఆ సాక్షి మీద నిలవదు. చూసేది అవ్వే కావాలంటే జ్ఞాపకాలు కూడా దేహం దాటి వెళ్ళాలి. శాస్త్రంలో దానికి సూక్ష్మశరీరం ఉంది, సంస్కారాలను మోసుకుపోతుందంటారు. చర్చలో పెద్దలు సాక్షిని నిలబెడతారు, ఇంటికి వచ్చాక ఆ బలంతోనే సూక్ష్మశరీరాన్ని ఒప్పిస్తారు. ఇవి రెండు వేరు ప్రతిపాదనలు. మొదటిదానికి ఉన్న బలం రెండోదానికి దానంతటదే రాదు. మతం గురించి ఆలోచించేటప్పుడు ఏ మాటకు ఆ మాటనే విడిగా పరీక్షించాలని నేను నేర్చుకున్నది ఇక్కడే.

సూక్ష్మశరీరం తరఫున వినిపించే వాదం ఒకటుంది. వీణ తంతి తెగితే నాదం రాదు, అంతమాత్రాన వైణికుడికి విద్య పోయినట్టు కాదు, మెదడు వీణ, జీవుడు వైణికుడు. వినడానికి బాగుంటుంది. పరీక్షించి చూద్దాం. పక్షవాతం వచ్చి మాట పడిపోయినవారిలో కొందరికి సరిగ్గా ఇలాగే జరుగుతుంది. లోపల అంతా తెలుసు, మాట బయటికి రాదు, ఆ బాధ కళ్ళల్లో కనిపిస్తుంది. అక్కడ వీణ తెగింది, వైణికుడు ఉన్నాడు. మతిమరుపులో అలా కాదు. మనవడని తెలిసి చెప్పలేకపోవడం లేదు, తెలియడమే పోయింది. జబ్బు ముదిరినవారిలో తమకు ఏదో పోయిందన్న ఎరుక కూడా తరచూ ఉండదు. తంతి తెగితే వైణికుడే తన విద్యను మరిచిపోతున్నాడంటే, ఆ విద్య ఆయన దగ్గర విడిగా ఉందని ఎలా అనగలం? ఈ కారణం వల్లనే, మెదడు పోయాక జ్ఞాపకాలతో కూడిన వ్యక్తి మిగులుతాడన్న మాటను నేను ఒప్పుకోలేదు.

అయితే నా అభిప్రాయానికి అడ్డుపడే సంగతి నీ ప్రశ్నలోనే ఉంది. పోయే ముందురోజు అవ్వ నిన్ను పేరు పెట్టి పిలిచింది. అది నీ ఊహ కాదు. ఏళ్ళ తరబడి ఎవరినీ గుర్తుపట్టనివారు మరణానికి కొన్ని గంటలో రోజులో ముందు ఉన్నట్టుండి తెలివిలోకి రావడం వైద్యుల రాతల్లో రెండు శతాబ్దాలుగా కనిపిస్తోంది. 2009లో మైకేల్ నామ్ అనే జర్మన్ పరిశోధకుడు దీనికి విడిగా పేరు పెట్టి కేసులు సమీకరించాడు. ఎందుకు జరుగుతుందో మెదడు శాస్త్రం ఇంకా సరిగా చెప్పలేదు. కనీసం ఒకటి తేలుతోంది: పోయిందనుకున్నదంతా చెరిగిపోలేదు, కొంత అందకుండా పోయింది. అది మెదడులోనే అందకుండా ఉందా, మెదడుకు బయట ఉందా అన్నది ఈ సంఘటన నుంచి తేల్చలేం. మెదడులోనే ఉందనడానికి మొగ్గు ఎక్కువని నేననుకుంటాను. ఆ పిలుపు మాత్రం నీకే, ఆ క్షణంలో ఆమె నిన్ను గుర్తుపట్టింది. ఏ సిద్ధాంతం గెలిచినా అది మారదు.

నా పనిలో చూసినది కొంత చెబుతాను. ప్రొపొఫాల్ అని పాలలా తెల్లగా ఉండే మందు ఉంది. నరంలోకి ఎక్కిస్తూ అంకెలు లెక్కపెట్టమంటాం. నిమిషం లోపే లెక్క మధ్యలో ఆగిపోతుంది. లేచాక చాలామంది అడిగే మాట ‘ఇంకా మొదలుపెట్టలేదా?’ అని. మూడు గంటల ఆపరేషన్ అయిపోయి ఉంటుంది, వాళ్ళకు ఆ కాలమే లేదు. మామూలు నిద్ర నుంచి లేచినవాడికి ఎంతో కొంత సేపు గడిచిందన్న భావన ఉంటుంది, ఇక్కడ చాలామందికి అదీ ఉండదు.

వేదాంతంలో దీనికి దగ్గరి చర్చ ఒకటుంది. గాఢనిద్ర నుంచి లేచినవాడు ‘సుఖంగా నిద్రపోయాను, ఏమీ తెలియలేదు’ అంటాడు. ఆ మాట జ్ఞాపకమని అద్వైతి అంటాడు. జ్ఞాపకం ఉందంటే అప్పుడు చూసిన సాక్షి ఉన్నట్టే. తర్కాన్ని ఆధారం చేసుకున్న న్యాయ దర్శనంవాడు, అంటే నైయాయికుడు, ఒప్పుకోడు. లేచాక ఒళ్ళు తేలికగా ఉండటం చూసి, మధ్యలో ఏదీ గుర్తులేకపోవడం చూసి చేసిన అనుమానం, అంటే ఆధారాలను బట్టి తేల్చుకున్న మాట అది, జ్ఞాపకం కాదు అంటాడు. చాలాకాలం నేను నైయాయికుడి పక్షానే ఉన్నాను, నా రోగులు ఆయన మాటనే బలపరుస్తున్నట్టు అనిపించేది.

తరువాత టన్‌స్టాల్ అనే వైద్యుడు 1977లో ప్రచురించిన పద్ధతి గురించి చదివాను. మత్తులో కండరాలు సడలడానికి వేరే మందు ఇస్తాం, కాబట్టి రోగికి స్పృహ ఉన్నా కదలలేడు. ఆ మందు ఎక్కకముందే ఒక ముంజేతికి పట్టీ బిగిస్తే ఆ చేతికి మందు చేరదు, అది కదలగలుగుతుంది. అప్పుడు చెవి దగ్గర ‘నా మాట వినిపిస్తే నా చేయి నొక్కండి’ అంటారు. కొందరు నొక్కారు. మత్తు దిగాక వాళ్ళలో చాలామందికి అది ఏమాత్రం గుర్తులేదు. గుర్తులేకపోవడం, స్పృహ లేకపోవడం ఒకటి కాదని దీనితో స్పష్టమైంది. ‘ఏమీ గుర్తులేదు, కాబట్టి అప్పుడు ఎవరూ లేరు’ అన్న వాదం కూలింది. అంతమాత్రాన నిత్యసాక్షి రుజువు కాలేదు. కానీ అద్వైతి అడిగిన ప్రశ్న తేలికగా తీసిపారేసేది కాదని నాకు అర్థమైంది.

ఇక తాత చెప్పిన ‘ప్రశ్నించకూడదు’. ఈ మాటను ఆయన గ్రంథాలే ఒప్పుకోవు.

అపౌరుషేయ వాదం వేదకర్మలను ముఖ్యంగా పట్టుకున్న మీమాంసకులది. మాటలో దోషం వస్తే అది పలికినవాడి వల్ల వస్తుంది, వేదాన్ని పలికినవాడు లేడు, కాబట్టి దోషానికి తావు లేదు. తెలివైన వాదమే. నైయాయికులు వెంటనే అడ్డుకున్నారు. పలికినవాడు లేకపోతే దోషం లేకపోవడం సరే, ఆ మాటను నమ్మదగినదిగా చేసే గుణం ఎక్కడి నుంచి వస్తుంది? మాటకు ప్రామాణ్యం ఆప్తుడి వల్ల, అంటే నమ్మదగిన వక్త వల్ల రావాలి అన్నారు. వీళ్ళు వేదాన్ని కాదన్నవాళ్ళు కారు, వేదాన్ని నమ్ముతూనే వందల ఏళ్ళు ఈ వాదం నడిపారు. శంకరులు గీత 18వ అధ్యాయం 66వ శ్లోకం భాష్యంలో ఇంకా సూటిగా రాశారు: అగ్ని చల్లనిదనీ, వెలుగు లేనిదనీ నూరు శ్రుతులు, అంటే వేదవాక్యాలు, చెప్పినా అవి ప్రమాణం కావు. ప్రత్యక్షానికి, అనుమానానికి అందని చోటే శ్రుతి ప్రమాణం. జ్ఞాపకానికి మెదడుతో సంబంధం ఉందా అన్నది ఇవాళ ప్రత్యక్షానికి అందే సంగతి. కాబట్టి అక్కడ డాక్టరు మాట వినడం శంకరులను ధిక్కరించడం కాదు.

ఛాందోగ్యం ఆరో అధ్యాయంలో ఒక పరీక్ష ఉంది, నాకు ఆ భాగమంటే ఎంతో ఇష్టం. ఉద్దాలకుడు కొడుకు శ్వేతకేతుతో ‘పదిహేను రోజులు తినకు, నీళ్ళు కావలసినన్ని తాగు’ అంటాడు. ఆ తరువాత ఋక్కులు, యజుస్సులు, సామాలు చెప్పమంటాడు. పన్నెండేళ్ళు చదివి వచ్చిన కొడుకు ‘నాకు స్ఫురించడం లేదు’ అంటాడు. తినమంటాడు. తిన్నాక అడిగినవన్నీ చెబుతాడు. ‘మనసు అన్నమయం’ అని తండ్రి అప్పుడు ముగిస్తాడు. శ్వేతకేతు స్థానంలో అవ్వను పెట్టి చూడు. దేహం క్షీణిస్తే నేర్చిన వేదమే స్ఫురించదని వేదమే చెబుతోంది. చెప్పింది నమ్మమని కాకుండా చేసి చూడమని చెబుతోంది.

బృహదారణ్యకంలో గార్గి వరుసగా ప్రశ్నలు వేస్తుంటే యాజ్ఞవల్క్యుడు ‘అతిగా అడగకు, తల తెగిపడుతుంది’ అని ఆపుతాడు. ఇంతవరకే చెప్పి ప్రశ్నించకూడదనేవారు ఉన్నారు. ఆమె అదే సభలో మళ్ళీ లేచి ఇంకో రెండు ప్రశ్నలు వేసింది, ఆయన జవాబు చెప్పాడు. ఆ భాగం వదిలేసి చెప్పడం న్యాయం కాదు. అదే ఉపనిషత్తులో యాజ్ఞవల్క్యుడు భార్య మైత్రేయితో ‘పోయిన తరువాత సంజ్ఞ ఉండదు’ అన్నాడు, సంజ్ఞ అంటే ఎరుక. ‘ఇక్కడే నన్ను అయోమయంలో పడేశారు’ అని ఆమె నిలదీసింది. ఇది ముక్తుడి గురించిన మాట అని భాష్యకారులు అంటారు, అలాగే కానీ. మనిషి పోయాక ఉంటాడని కొందరు, ఉండడని కొందరు అంటున్నారు, ఏది నిజం అని కఠోపనిషత్తులో నచికేతుడు అడిగితే యముడు ‘దేవతలకే ఇది సందేహం’ అన్నాడు. యముడు ఒప్పుకున్న సందేహాన్ని నువ్వు దాచుకోవడం ఎందుకు?

మన సీమనే చూడు. కడప దగ్గర పెన్న ఒడ్డున పుష్పగిరిలో అద్వైత పీఠం, నల్లమలలో అహోబిలంలో విశిష్టాద్వైత మఠం, తుంగభద్ర ఒడ్డున మంత్రాలయంలో 1671లో బృందావనం ప్రవేశించిన ద్వైతి రాఘవేంద్రస్వామి. ముగ్గురికీ ప్రమాణం అవే ఉపనిషత్తులు. జీవుడు బ్రహ్మమేనని ఒకరు, బ్రహ్మానికి శరీరం వంటివాడని ఒకరు, ఎప్పటికీ వేరేనని ఒకరు అదే వాక్యం నుంచి తేల్చారు. గ్రంథం ఒక్కటే ఉంటే జవాబు ఒక్కటే వస్తుందన్న ధైర్యం ఇక్కడ పుట్టినవాడికి ఉండకూడదు. అనంతపురం జిల్లా కొనకొండ్లను జైన ఆచార్యుడు కుందకుందుడి ఊరని చెబుతారు. ఆయన సమయసారమంతా ఆత్మ గురించే, కానీ వేదం ఆయనకు ప్రమాణం కాదు, సృష్టికర్త లేడు. మీమాంసకుడికి వేదం ఉంది, సృష్టికర్త లేడు. బౌద్ధుడికి వేదమూ లేదు, ఆత్మా లేదు, పునర్జన్మ ఉంది. చార్వాకుడికి ఏదీ లేదు. పులిసిన పదార్థాల్లో మత్తు పుట్టినట్టు మట్టి, నీరు వంటి భూతాల కలయికలో చైతన్యం పుడుతుందన్నాడు. ఒక ఇటుక తీస్తే గోడంతా కూలుతుందని నీకు భయం పెట్టారు కానీ, ఈ దేశంలో ఇవన్నీ విడివిడిగానే నిలబడ్డాయి.

మన దగ్గర ఇంకొకటి ఉంది. ఏ విపత్తు వచ్చినా ‘బ్రహ్మంగారు కాలజ్ఞానంలో ముందే చెప్పారు’ అంటారు. జరగకముందు ఫలానా చోట ఫలానాది అని చూపిస్తే అది జోస్యం, జరిగాక వెతికి పట్టుకునేది కాదు. దూదేకుల సిద్ధయ్యను శిష్యుడిగా చేర్చుకున్న బ్రహ్మంగారు నాకు పూజ్యుడు, ఆయనకు ఈ రుజువుల అవసరం లేదు. అలాగే పుట్టుకను బట్టి మనిషిని కించపరిచే వాక్యం ఏ స్మృతిలో ఉన్నా దానికి ప్రామాణ్యం లేదని నా నిశ్చయం. దాని మీద చర్చ కూడా అక్కర్లేదు.

స్నేహితుడి మాటకు వస్తాను. ‘అంతా రసాయనాలే’ అని తేల్చేసేవాడికి మా థియేటర్‌లో ఒక రోజు గడపమని చెప్పాలనిపిస్తుంది. 1846 అక్టోబరు 16న బోస్టన్‌లో మోర్టన్ ఈథర్ ఇచ్చి నొప్పి తెలియకుండా శస్త్రచికిత్స చేయించాడు. అప్పటి నుంచి మత్తు ఇస్తూనే ఉన్నాం. ప్రొపొఫాల్ నాడీకణాల మీద గాబా అనే రసాయనపు గ్రాహకాలను పట్టుకుని వాటి పనిని పెంచుతుందని తెలుసు. ఆ గ్రాహకాల పని పెరిగితే ‘నేను’ అన్న అనుభవం ఎందుకు ఆగాలో, అసలు నాడీకణాల పని అనుభవంగా ఎందుకు తోచాలో తెలియదు. తత్త్వవేత్త డేవిడ్ చామర్స్ 1995లో దీన్నే కఠిన సమస్య అన్నాడు. చైతన్యానికి మెదడులో గుర్తు ఏమిటో 25 ఏళ్ళలో స్పష్టంగా తేలుతుందని నాడీశాస్త్రవేత్త క్రిస్టాఫ్ కోక్ 1998లో ఆయనతో పందెం కాశాడు. 2023లో ఓడిపోయానని ఒప్పుకుని వైన్ సీసాలు ఇచ్చాడు. ఆ ఒప్పుకోలు నాకు గౌరవం కలిగించింది.

మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలు ఉంటే 6,900 కోట్ల వరకు వెనక వైపున్న చిన్నమెదడులోనే ఉన్నాయి. అది దెబ్బతింటే నడక తడబడుతుంది, మాట తడబడుతుంది, స్పృహ పోదు. పుట్టుకతోనే అది లేనివారు కూడా స్పృహతో బతికారు. అంటే కణాల సంఖ్య వల్ల కాదు, ఇంకేదో అమరిక వల్ల. ఏ అమరిక అన్నదాని మీద సిద్ధాంతాలు పోటీపడుతున్నాయి. మెదడు లేకుండా చైతన్యం ఉన్నట్టు నమ్మదగిన రుజువు నేను చూడలేదు. మెదడు చైతన్యాన్ని ఎలా కలిగిస్తుందో చెప్పగలిగినవాణ్ణీ చూడలేదు. ఈ రెండు వాక్యాలనూ కలిపి పట్టుకోవడం కష్టం. నీ స్నేహితుడు మొదటిదాన్ని, మీ తాత రెండోదాన్ని గట్టిగా పట్టుకున్నారు.

వీడియో సంగతి త్వరగా ముగిస్తాను. భౌతికశాస్త్రవేత్త రోజర్ పెన్‌రోజ్, మత్తు వైద్యుడు స్టువర్ట్ హామరాఫ్ కలిసి, నాడీకణాల లోపలి సన్నని గొట్టాల్లో జరిగే క్వాంటం చర్యల వల్ల చైతన్యం కలుగుతుందని 1990లలో ప్రతిపాదించారు. మెదడులో ఆ స్థితులు లెక్కలోకి రానంత స్వల్పకాలమే నిలుస్తాయని 2000లో భౌతికశాస్త్రవేత్త మాక్స్ టెగ్మార్క్ లెక్కకట్టాడు. వాళ్ళు ఒప్పుకోలేదు, వాదం సాగుతోంది. అది నిజమే అయినా ఉపనిషత్తుకు అదనపు బలం రాదు, అబద్ధమైతే ఉపనిషత్తుకు నష్టం లేదు. క్వాంటం శాస్త్రవేత్త ష్రోడింగర్ వేదాంతం ఇష్టంగా చదివాడు, నిజమే, కానీ 1926లో ఆయన ఇచ్చిన సమీకరణం ప్రయోగాల మీద నిలబడింది. రెండు శాస్త్రాల గౌరవాన్నీ వాడుకుని దేన్నీ చదవకుండా మాట్లాడేవాళ్ళ మీద నాకు కోపం. నీలాంటి పిల్లల నిజమైన బాధను వాళ్ళు వాడుకుంటున్నారు.

చావు అంచుదాకా వెళ్ళి వచ్చినవారి అనుభవాల గురించి కూడా ఎవరైనా చెబుతారు. 2014లో వైద్యుడు శామ్ పార్నియా బృందం 2,060 గుండె ఆగిన కేసులతో పరిశోధన చేసింది. పైనుంచి చూస్తేనే కనిపించేలా అరల మీద బొమ్మలు పెట్టారు. వాటిని చూశామని ఎవరూ చెప్పలేదు. దృశ్యాలు గుర్తున్న ఇద్దరూ ఆ అరలు లేని చోట ఉన్నవారే. ఎటూ తేలలేదు.

ఇప్పుడు సంవత్సరీకం. కూర్చోవచ్చు నాయనా, అది మోసం కాదు. పిండం పితృదేవతలు నిజంగా తింటారని నమ్మితేనే కార్యం చెల్లుతుందని నీకు ఎవరు చెప్పారు? కర్మకాండను అందరికంటే గట్టిగా పట్టుకున్న మీమాంసకుల్లోనే ప్రాచీన భాష్యకారుడు శబరస్వామి దేవతలకు శరీరం లేదు, వాళ్ళు హవిస్సు తినరు అని రాశారు. ఆయన కర్మను వదలలేదు. మా అమ్మ తద్దినం నేను ఏటా పెడతాను. ఆమె ఎక్కడో కూర్చుని అందుకుంటుందని నేననుకోను. ఆమె పేరు, గోత్రం, ఆమె అత్తగారి పేరు, ఆ అత్తగారి అత్తగారి పేరు వరుసగా పలికే రోజు ఏడాదిలో అదొక్కటే. మూడు తరాల ఆడవాళ్ళ పేర్లు నా నోటితో పలకడం నాకు ముఖ్యం. ఆమెను తలచుకోవడానికి అంతకంటే మంచి పద్ధతి నాకు దొరకలేదు, దొరికితే మారుస్తాను.

కర్త మీ నాన్న. నీ మనసులో ఉన్నది ఆయనకు ముందే విడిగా చెప్పు, కార్యం రోజున కాదు. ‘నమ్ముతున్నాను’ అని ఎవరైనా నీ చేత అనిపించాలని చూస్తే అనవద్దు, కానీ అవ్వ కోసం కూర్చుంటున్నానని చెప్పు. అది నిజం. కూర్చోలేనని మనసు గట్టిగా చెబితే వంటింట్లో సాయం చెయ్యి, భోక్తలకు వడ్డించు. తాతతో ఆ రోజు వాదానికి దిగవద్దు. ఆయన పోగొట్టుకున్నది భార్యను. జబ్బు పడ్డ సంవత్సరాలన్నీ పక్కనే ఉండి, ఆమె తనను గుర్తుపట్టకపోవడం చూసినవాడు. ‘ప్రశ్నించకు’ అన్న మాటలో శాస్త్రం కంటే ఆ బాధే ఎక్కువ ఉందేమో, అది నువ్వు దగ్గరుండి చూడగలవు.

కార్యం అయిన ఒకటి రెండు రోజులకు ఆయన దగ్గర కూర్చుని ఛాందోగ్యం ఆరో అధ్యాయం ఏడో ఖండం చెప్పమను. శ్వేతకేతుకు వేదం స్ఫురించని చోట ఆపి, అవ్వకు జరిగింది కూడా ఇదేనా అని అడుగు. ఆయన ఏమన్నారో నాకు రాయి. నేను చదవని భాష్యం ఏదైనా ఆయన ఉదహరిస్తే దాని పేరు కూడా రాయి.